నాపరాయా, నల్లతుమ్మా

పల్నాడులో కార్తీకం వచ్చిందంటే వనభోజనాలకు చోటు కరువు కాదు. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల ఉంది, గుత్తికొండ బిలం ఉంది, కోటప్పకొండ ఉంది. అంతదూరం పోలేనివాళ్ళకు ఊరి పక్క తోపులో ఉసిరిచెట్టు ఉంది. చిక్కంతా నేల మీద కూర్చోవడంతోనే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పంక్తిలో కూర్చోలేరు. వాళ్ళకో ప్లాస్టిక్ కుర్చీ వేసి, చేతికో పళ్ళెం ఇచ్చి, పక్కన కూర్చోబెడుతున్నాం. నాకిది చాలాకాలంగా బాధగా ఉంది. తోపులో ఒక మంచి బల్ల, దానికి రెండువైపులా బెంచీలు ఉంటే వాళ్ళూ అందరితో కలిసి తింటారు.

బల్ల ఉండాలన్నంతవరకు ఎవరికీ పేచీ లేదు. దేనితో చేయాలన్న దగ్గరే గొడవ. గురజాల, మాచర్ల వైపు రాతి పనివాళ్ళ దగ్గరా వడ్రంగుల దగ్గరా వినపడే వాదాలను ఇద్దరి నోట పెట్టి ఇక్కడ రాస్తున్నాను. మేస్త్రి వయసులో పెద్దవాడు. వడ్రంగి ఆయన్ను బాబాయ్ అంటాడు, ఆయన ఇతన్ని ఆచారీ అంటాడు. నేను వడ్రంగి పక్షం. అయినా మేస్త్రి అడిగే ఒక ప్రశ్నకు ఉలిలోనూ రంపంలోనూ జవాబు లేదు. అది వచ్చినప్పుడు చెబుతాను.

మేస్త్రి: తోపులో బల్ల చెక్కతో చేస్తానన్నావంట, నిజమేనా ఆచారీ? మన కాళ్ళ కింద ఉన్నదంతా నాపరాయి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ, ఎక్కడ గునపం వేసినా సున్నపురాయే తగిలిద్ది. రెండు దిమ్మెలు కట్టి పైన రెండంగుళాల పలక వేస్తే పొద్దుగూకేలోపు బల్ల తయారు. నానదు, చెద పట్టదు, ఎవడూ ఎత్తుకుపోడు.

వడ్రంగి: ఎత్తుకుపోలేడు, నిజమే. మే నెలలో దాని మీద చెయ్యి ఆనించగలడా బాబాయ్? ఎండల వార్త అనగానే ముందు వినపడే పేరు మన రెంటచింతల. నలభై అయిదు డిగ్రీలు దాటిన రోజు పొద్దుగూకినా నీ బండ చల్లారదు.

మేస్త్రి: వనభోజనాలు కార్తీకంలో గదా. మే నెలతో ఏం పని?

వడ్రంగి: బల్ల వేశాక పన్నెండు నెలలూ అక్కడే ఉంటది. ఉపాధి పనికి పోయిన ఆడవాళ్ళు సద్ది విప్పేది ఆ ఎండల్లోనే. అదే ఎండలో ఉన్నా చెక్క ఒంటికి అంత వేడి అందించదు. ఇంకోటి చెప్తా విను. పులిహోర లేని వనభోజనం ఉండదు. నీది సున్నపురాయి. నిమ్మరసం పడినా, చింతపండు పులుసు పడినా పైమెరుగు తినేసిద్ది.

మేస్త్రి: మెరుగు పోతే పోనీ, బల్ల పోదు గదా! మీ వంటింటి గచ్చు నాపరాయే. మీ అమ్మ కాపరానికి వచ్చినప్పటి నుంచి దాని మీద ఎంత పులుసు ఒలికి ఉంటది? మచ్చలు పడ్డాయి, అరిగింది, ఉంది. అంత చిన్నదెందుకు, సాగర్ డ్యామ్ చూడు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 దాకా రాయి మీద రాయి పేర్చారు. రాతికట్టడపు ఆనకట్టల్లో అంత పెద్దది ప్రపంచంలో లేదంటారు. కృష్ణమ్మను ఆపిన రాయి నీ పులిహోరకు జడిసిద్దా? నాగార్జునకొండ బొమ్మలు చూడు. ఇక్ష్వాకుల నాడు మన సున్నపురాయిలో చెక్కినవే. పదిహేడు వందల ఏళ్ళయినా బట్ట మడతలు కూడా కనపడతన్నాయి.

వడ్రంగి: ఆ బొమ్మలు ఆ పదిహేడు వందల ఏళ్ళలో ఎక్కువ భాగం ఎక్కడున్నాయి? మట్టి కింద. 1954 నుంచి తవ్వి తీశారు, సాగర్ నీళ్ళు కమ్మకముందే కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు మ్యూజియం కప్పు కింద ఉన్నాయి. కప్పు కింద అయితే చెక్కయినా ఉంటది. షిర్డీ పోయినప్పుడు మమ్మల్ని పూణె అవతల కార్లా గుహలకు తీసుకుపోయారు. రాతిలో తొలిచిన పెద్ద చైత్యం, దాని పైకప్పుకు వంపు తిరిగిన టేకు వాసాలు బిగించి ఉన్నాయి. రెండువేల ఏళ్ళ నాటివంట. వాన తగలదు, నేల తగలదు, అందుకే మిగిలాయి. చెక్కను చంపేది నీళ్ళు బాబాయ్. నీళ్ళు పడటం కూడా కాదు, పడి అక్కడే ఆగటం.

మేస్త్రి: నీ బల్లకు కప్పు లేదు గదా.

వడ్రంగి: లేదు. అందుకే పడిన నీళ్ళు పడినట్టే జారిపోయేటట్టు కట్టాలి. నా పనితనమంతా అక్కడే.

మేస్త్రి: అసలు బల్ల ఎందుకంటాను. ఇది బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన గడ్డ. మాచర్లలో కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ నాటి మాట. ఇప్పటికీ కారంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు జరిగిద్ది. బ్రహ్మనాయుడు బల్లలు చేయించాడా?

వడ్రంగి: చేయించలేదు. ఎవర్నీ పక్కన కూర్చోబెట్టలేదు కూడా. ఇవాళ మన తోపులో పక్కన పడింది ఎవరు? నీ అక్కే, మా అత్త. పోయిన కార్తీకంలో చెట్టు మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పంక్తిలో నవ్వులు వినపడతా ఉంటే ఒక్కతే ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తింది. చాప వేసిందే అందరూ కలిసి తినటానికైతే, చాప మీదికి దిగలేని మనిషి దగ్గరికి ఆ చాపను పైకి తేవద్దా? బల్లకు రెండువైపులా ఒకే ఎత్తు బెంచీలు ఉంటే పెద్దపీట ఎవరికీ లేదు.

మేస్త్రి: అక్క సంగతి నువ్వు నాకు చెప్పాలా? సరే, బల్ల కావాలి. రాతి బల్ల మీద తినకూడదా?

వడ్రంగి: తినొచ్చు. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి తినొచ్చా? కుర్చీ బల్ల కిందికి దూరాలంటే ఒక కొసన పైపలక రెండడుగులు ముందుకు పొడుచుకురావాలి, కింద కాలు అడ్డం ఉండకూడదు, నేల నుంచి పలక అడుగుభాగానికి ఇరవై ఏడంగుళాలన్నా ఖాళీ ఉండాలి. నీ పలకను రెండడుగులు గాల్లోకి వదులుతావా?

మేస్త్రి: వదలను. రాయి బరువు మోసిద్ది గానీ వంగదు. కొసన పోకిరి పిల్లాడెవడన్నా ఎక్కి గెంతాడంటే ఫెళ్ళున పోద్ది.

ఈ ఒప్పుకోలు చిన్నది కాదు. రాతిని అణిచే బరువు ఎంతైనా పెట్టవచ్చు. వంచే బరువు పడితే అడుగు వైపు సాగలేక పగులుతుంది. చెక్క వంగి, మళ్ళీ లేస్తుంది. రెండిటితో పని చేసినవాళ్ళకు ఇది చేతుల్లో ఉన్న జ్ఞానం. అందుకే పాత రాతి మండపాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి.

మేస్త్రి: అయితే అమెరికా పార్కుల్లో ఉన్నట్టు చెయ్యి. బల్లా బెంచీలూ ఒకే చట్రంలో ఉంటాయి. మనవాళ్ళు అక్కడ కార్తీకంలో వాటి మీదే వనభోజనాలు చేసుకుంటన్నారు, మా మనవడు ఫోన్లో చూపించాడు.

వడ్రంగి: చూశాను. అందులో కూర్చోవాలంటే అడ్డకర్ర మీంచి కాలు ఎత్తి లోపల పెట్టాలి. చీర కట్టిన ఆడమనిషికి, మోకాలు వంగని ముసలామెకు అది కుదిరే పనేనా? పైగా ఒక పక్కనే నలుగురు కూర్చుంటే అటుపక్క లేచిద్ది. నేను బెంచీలు విడిగా చేస్తాను. బల్ల అంచుకూ బెంచీకీ మధ్య ఎనిమిదంగుళాల సందు వదులుతాను. పక్క నుంచి నడిచివచ్చి, బల్ల పట్టుకుని, మెల్లగా కూర్చోవచ్చు. బెంచీ ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. మామూలుగా అయితే పదిహేడు చాలు. కానీ లేవటానికి కష్టపడేవాళ్ళకు ఆ ఒక్క అంగుళమే సాయం.

మేస్త్రి: విడిగా ఉంటే రాత్రికి రాత్రే ట్రాక్టర్ ఎక్కుతాయి.

వడ్రంగి: ఎక్కవు. కాళ్ళ సంగతి చెప్పేటప్పుడు చెప్తా.

మేస్త్రి: సరే, ఇది చెప్పు. ఎండకూ వానకూ బయటే పడుండి నిలిచిన చెక్క వస్తువు నీకు ఒక్కటి గుర్తుందా?

వడ్రంగి: ఎడ్లబండి. మా తాత చేసిన బండ్లు ఏ కొట్టంలో ఉన్నాయి? కళ్ళంలో, వాగులో, బురదలో. కుండ నల్లతుమ్మ, ఆకులు, పూటీలు తుమ్మే. ఎండలకు చక్రం వదులైతే నీళ్ళలో పడేసి బిగించుకున్నారు. ఆకు విరిగితే ఆకు మార్చారు, పూటీ పోతే పూటీ మార్చారు. బండిని మొత్తంగా ఎవరూ పారేయలేదు. నేను బల్లను అట్టా చేస్తాను. ఎక్కడా జిగురు పెట్టను. ఏ పలక చెడితే ఆ పలక, బోల్టు విప్పితే చేతికి రావాలి. నా తర్వాత ఎవడో ఒక కుర్రాడు పానా పట్టుకుని మార్చుకోగలగాలి.

మేస్త్రి: ఏ చెక్క? టేకంటే ఘనపుటడుగు వేలల్లో ఉంది.

వడ్రంగి: లెక్క వేశాను. బల్ల ఎనిమిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, పలక ఒకటిన్నర అంగుళం మందం. బెంచీలు ఆరడుగులవి రెండు. కాళ్ళూ అడ్డకర్రలూ కలిపి ఏడు ఘనపుటడుగులకు కాస్త తక్కువ, కోతలో తరుగు కలుపుకుంటే ఎనిమిది. అంతా టేకు అక్కర్లేదు. ఇంకో మాట. ఇవాళ అడితిలో దొరికే తోట టేకు చాలామటుకు చిన్న వయసుది. చుట్టూ తెల్లకర్రే ఎక్కువ, నడుమ చేవ తక్కువ. టేకు గొప్పతనమంతా చేవలో ఉంది. తెల్లకర్ర టేకుదైనా ఒకటే, ఇంకో చెట్టుదైనా ఒకటే, బయట వేస్తే పుచ్చిపోద్ది. అంత డబ్బు పోసి టేకు పేరు కొనుక్కోవటం నాకు ఇష్టం లేదు.

మేస్త్రి: మరి?

వడ్రంగి: కాళ్ళకూ అడ్డకర్రలకూ నల్లతుమ్మ చేవ. కొట్టిన మొద్దులను కొన్ని నెలలు చెరువులో ముంచుతాను. లోపలి పిండిపదార్థం నీళ్ళలో దిగిపోద్ది, పురుగుకు తిండి ఉండదు. పైపలకలకు పాత దూలాలు. ఊరూరా పాత మిద్దెలు పడగొట్టి స్లాబులు వేస్తన్నారు. ఆ దూలాలు ముసలి చెట్లవి, చేవ దండిగా ఉంటది, ఎన్నో ఏళ్ళు కప్పు కింద ఆరి ఉంటయ్యి. కోత మిల్లుకు పంపేముందు పాత మేకులు వెతికి పీకటమే పని. మేకు తగిలితే రంపం పళ్ళు పోతాయని మిల్లువాడు తిడతాడు.

పాత దూలాల మాట వినగానే నాకు సంతోషం వేసింది. పల్నాటి పల్లెల్లో కూలుతున్న మిద్దెల కలపలో ఎంతో భాగం పొయ్యిల్లోకీ ఇటుక బట్టీల్లోకీ పోతోంది. ఊరి ఇంటి దూలం ఊరి భోజనపు బల్ల అయితే అంతకంటే మంచి గతి దానికి లేదని నా నమ్మకం.

మేస్త్రి: నీళ్ళు జారిపోయేటట్టు కడతానన్నావు. అది చెప్పు, వింటాను.

వడ్రంగి: పై నుంచి మొదలుపెడతా. బల్ల మీద వెడల్పు పలకలు వేయను. అడుగు వెడల్పు పలక ఎండకు దోసిలి పట్టిద్ది, ఆ దోసిట్లో నీళ్ళు నిలుస్తయ్యి. ఆరు పలకలు, ఒక్కోటి నాలుగు ముప్పావు అంగుళాలు. నడుమ పావంగుళం సందు.

మేస్త్రి: సందులోంచి చారు కారి ఒళ్ళో పడిద్ది!

వడ్రంగి: తినేది విస్తట్లో గదా, ఒలికింది ఒలికినట్టు కిందికి పోవటమే మంచిది. ఆ సందు వానకే కాదు, చెక్క కోసం కూడా. వానల్లో పలక వెడల్పున ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉబ్బిద్ది, ఎండల్లో అంత తగ్గిద్ది. దాన్ని ఆపే మొనగాడు లేడు. అందుకని అడ్డకర్రలో బోల్టు బెజ్జం గుండ్రంగా కాకుండా కాస్త కోలగా తీస్తాను, చెక్క అటూ ఇటూ జరగటానికి. బిగించి చంపితే చీలిపోద్ది.

మేస్త్రి: బోల్టు తలకాయలు పైన కనపడతయ్యా?

వడ్రంగి: పైన ఒక్క బెజ్జం ఉండదు. పైన బెజ్జం ఉంటే అదొక బావి. అన్నీ కింది నుంచే బిగిస్తాను, పలకలో ముప్పావు వంతు దాకా దిగి ఆగిపోవాలి. అవి కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే. తుమ్మ బెరడుతో తోళ్ళు పదును చేసేవాళ్ళు చూడు, ఆ వగరు చెక్కలోనూ ఉంటది. మామూలు ఇనుముకు తడి తగిలితే ఆ వగరుతో కలిసి నల్లటి మరక దిగిద్ది, ఇనుమూ తినిపోద్ది, చుట్టూ చెక్కా మెత్తబడిద్ది. చెక్క నిలిచినా మేకు దగ్గర మొదలైన చేటు వల్ల పోయిన తలుపులు ఎన్ని చూడలేదు!

మేస్త్రి: అడ్డకర్ర మీద పలక ఆనిన చోట నీళ్ళు ఆగవా?

మేస్త్రి సరైన చోట వేలు పెట్టాడు. బయట వేసిన చెక్కపని ముందుగా పుచ్చేది రెండు కర్రలు అంటుకునే చోటే. అక్కడికి గాలి పోదు, ఎండ పోదు. చెక్కలో తేమ నూటికి ఇరవై లోపు ఉన్నంతకాలం పుచ్చు కలిగించే బూజు పెరగదు. వాన వెలిశాక పైభాగం గంటల్లో ఆరుతుంది, అతుకు మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. ఎంత గట్టి చెక్క ఎంచుకున్నా అతుకు దగ్గర ఏమరితే ఫలితం లేదు.

వడ్రంగి: ఆగుతయ్యి. అందుకే అడ్డకర్ర పైభాగాన్ని బల్లపరుపుగా ఉంచను. తోపడా పట్టి రెండువైపులకూ వాలు ఇస్తాను, ఇంటి కప్పుకు ఇచ్చినట్టు. పలక నడుమ సన్నటి గీత మీదే ఆనిద్ది, మిగతా అంతా గాలే. పలకల అంచులు గుండ్రం చేస్తాను, అడుగున అంచు వెంబడి సన్నటి గాడి తీస్తాను. అంచు దాకా వచ్చిన చుక్క లోపలికి పాకకుండా గాడి దగ్గర తెగి కింద పడిద్ది. ఇక కొసలు. చెక్క పక్కల నుంచి తాగే నీళ్ళు తక్కువ, కొసల నుంచి తాగేవి చాలా ఎక్కువ, చెట్టుకు నీళ్ళు ఎక్కిన దారులు అక్కడే తెరుచుకుని ఉంటాయి గదా. ప్రతి కొసకూ మైనం కరిగించి ఇంకిందాకా పట్టిస్తాను.

మేస్త్రి: కాళ్ళు?

వడ్రంగి: కాళ్ళ దగ్గరే నువ్వు కావాలి బాబాయ్.

మేస్త్రి: ఓహో.

వడ్రంగి: పాత ఇళ్ళ వసారాలో చెక్క స్తంభం ఏనాడన్నా మట్టిలో పాతారా? కింద రాతి పీట వేసి, దాని మీద నిలబెట్టారు. నేలలో పాతిన కర్ర నేల మట్టం దగ్గరే పుచ్చి విరిగిద్ది, అక్కడ తడీ ఉంటది, గాలీ ఉంటది, చెదలూ ఉంటయ్యి. ప్రతి కాలు కిందా నాపరాతి దిమ్మె కావాలి. దాంట్లో అర అంగుళం స్టీలు కడ్డీ నిలబెట్టి సీసంతోనో సిమెంటుతోనో బిగించు. కడ్డీకి ఒక వాషర్ వేసి దాని మీద కాలు దించుతాను. కాలు కొసకూ రాయికీ మధ్య వేలు దూరేంత ఖాళీ. కాలిలోంచి అడ్డంగా చిన్న బోల్టు పోయి కడ్డీని పట్టుకుంటది. ఇక ట్రాక్టర్ కాదు, ఎద్దులు లాగినా రాదు. చెదలు ఎక్కాలంటే రాయి మీద మట్టి దారి కట్టుకుని రావాలి. ఆ దారి కంటికి కనపడిద్ది, చీపురుతో తుడిస్తే పోద్ది.

మేస్త్రి: నన్ను నీ బల్ల కాళ్ళకింద పెట్టావన్నమాట. సరే, పైన రెండు చేతులు వార్నిష్ కొడతావా?

వడ్రంగి: కొట్టను. వార్నిష్ పైన పొరగా ఉంటది. మన ఎండకు ఆ పొర పెళుసెక్కి చిట్లిద్ది. చిట్లిన చోట నీళ్ళు లోపలికి పోతయ్యి, పొర అడ్డం కాబట్టి తిరిగి బయటికి రాలేవు. వార్నిష్ కింద నల్లబడిన చెక్క నువ్వూ చూసుంటావు. ఉడికించిన అవిసె నూనె పట్టిస్తాను. అది లోపలికి ఇంకుద్ది, చిట్లేదేం ఉండదు, తగ్గినప్పుడు మళ్ళీ పూయొచ్చు. వాడేసిన ఇంజన్ ఆయిలు పూయమని చెప్పేవాళ్ళు ఉన్నారు, అన్నం తినే బల్లకు అది పాపం. ఒకటే జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవి ఆరేటప్పుడు వేడి పుట్టి, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటయ్యి. విప్పి ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో వేయాలి.

మేస్త్రి: ఏడాది తిరిగేసరికి రంగు పోయి బూడిదయిపోద్ది.

వడ్రంగి: పోద్ది. ఎండకు పైపొర తెల్లబడటమే, లోపల చెక్క చెక్కుచెదరదు. బూడిద రంగు చూసి చెడిపోయిందని పారేయకూడదు. గోరు గుచ్చి చూడాలి. గోరు దిగకపోతే చెక్క బాగున్నట్టే.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. బయట వేసే చెక్కను మందుతో కాపాడే పద్ధతుల్లో ప్రపంచమంతా వాడినదాన్ని కనిపెట్టింది మన దేశపు శాస్త్రవేత్త సొంఠి కామేశం. ఇంటిపేరు తెలుగు ఇంటిపేరే. దెహ్రాదూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1933లో క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన ద్రావణం తయారుచేశారు. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ చెదలనూ పురుగునూ చంపుతుంది, క్రోమియం ఆ రెండిటినీ చెక్కలో కట్టిపడేస్తుంది. మెత్తటి పైన్ చెక్కకు దాన్ని ఒత్తిడితో ఎక్కించి అమెరికాలో స్తంభాలు, వసారాలు, పార్కు బల్లలు కోకొల్లలుగా చేశారు. ఆర్సెనిక్ చేతులకు అంటుతుందన్న భయంతో 2003 చివరి నుంచి అక్కడ ఇళ్ళలో, ఆటస్థలాల్లో వాడే చెక్కకు దాన్ని మానుకున్నారు. స్తంభాలకూ రేవుల కట్టడాలకూ ఇప్పటికీ వాడతారు. కామేశం గారి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. తోపులో పిల్లలు అన్నం తినే బల్లకు మాత్రం ఆ మందు వద్దు, చేవకర్ర, గాలి ఆడే అతుకు చాలు.

మేస్త్రి: అంతా బాగుంది. ఇప్పుడు నా మాట విను ఆచారీ. నీ నూనె ఏటా పూయాలి. చెద దారులు నెలకోసారి తుడవాలి. బోల్టు వదులైతే బిగించాలి. ఎవడు చేస్తాడు? మీ ఇంటి ముందు బల్లయితే నువ్వు చేస్తావు. తోపు ఊరందరిదీ. ఊరందరిదీ అంటే ఎవడిదీ కాదు. చేతిపంపు చూడు, బస్సు షెల్టరు చూడు. చిన్న నట్టు ఊడితే బిగించేవాడు లేక మొత్తం పోయింది. రాయి ఎవర్నీ ఏమీ అడగదు. దాని గొప్పతనం గట్టితనం కాదు, అడగకపోవటం.

ముందు చెప్పిన ప్రశ్న ఇదే. మేస్త్రి మాట నిజం, చేదుగా నిజం. మన ఊళ్ళలో ఉమ్మడి వస్తువు కట్టిన రోజు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు వందమంది, మరుసటి ఏడు నూనె పూసేవాడు ఒక్కడు ఉండడు. అతుకు ఎంత బాగా చెక్కినా ఈ లోటు పూడదు. అయినా చూసుకునేవాళ్ళు లేరని చూసుకోనక్కర్లేని వస్తువులే చేసుకుంటూ పోతే, ఊళ్ళో చూసుకోవడం అనే పనే ఎవరికీ చేతకాకుండా పోతుంది. ఎడ్లబండి ఉన్న రోజుల్లో ప్రతి రైతుకూ ఇరుసుకు ఆముదం పెట్టడం తెలుసు. ఆ తెలివి రాతి బెంచీ నేర్పదు. అందుకే నేను వడ్రంగి పక్షాన నిలబడ్డాను, ఆ పని భారాన్ని తేలిక చేసి చెప్పడానికి కాదు.

వడ్రంగి: ఏటా శివరాత్రి వెళ్ళాక చేద్దాం. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టిన కుర్రాళ్ళు అప్పుడు ఊళ్ళోనే ఉంటారు, తోపు పొడిగా ఉంటది, చెక్క నూనె బాగా తాగిద్ది. ఒక పూట పని. ఎవరింట్లోవాళ్ళు ఉపాధి పనికి పోయి ఆ బల్ల మీద సద్ది తింటారో ఆ కుర్రాళ్ళే వస్తారు.

మేస్త్రి: మొదటి ఏడు వస్తారు.

వడ్రంగి: రెండో ఏడు నేను పిలుస్తాను. మూడో ఏడు నువ్వు పిలువు.

మేస్త్రి: పిలవను. గుడి కమిటీ పుస్తకంలో రాయించు, ఏ ఏడు ఏ వీధి వంతో. నూనె డబ్బులు వనభోజనాల చందాలోంచే ముందుగా తీసి పక్కన పెట్టాలి. అట్టా రాస్తే ఒప్పుకుంటా. నోటి మాట నాకు వద్దు.

వడ్రంగి: రాయిస్తాను.

మేస్త్రి: ఇంకోటి. తుమ్మ చెరువులో నానాలన్నావు, తర్వాత ఆరాలి. ఈ కార్తీకానికి బల్ల అయ్యేదేనా?

వడ్రంగి: కాదు. పచ్చి చెక్కతో తొందరపడి చేస్తే ఆరేటప్పుడు మెలి తిరిగిద్ది. వచ్చే కార్తీకానికి.

మేస్త్రి: అయితే ఈ కార్తీకానికి నా బండే. అక్క ఈసారి కూడా చెట్టు కింద ఒక్కతే తినటానికి నేను ఒప్పుకోను. రెండు దిమ్మెలు, ఒక పలక, పక్కన ఒక బెంచీ, ఈ వారంలో పెట్టిస్తా. నీ బల్ల వచ్చాక కూడా అది తీసేది లేదు.

వడ్రంగి: తీయొద్దు. వడ్డనకు అదే కావాలి. పొయ్యి మీంచి దించిన సాంబారు గుండిగ చెక్క మీద పెడితే కాలి మచ్చ పడిద్ది, నీ రాయి మీద పెట్టుకోవచ్చు.

మేస్త్రి: గుండిగలు రాతి మీద, మనుషులు చెక్క మీద. సరే, నీకు దిమ్మెలు ఎన్ని కావాలి? బల్లకు నాలుగేనా?

వడ్రంగి: బల్లకు నాలుగు, బెంచీలకు ఎనిమిది. పన్నెండు. నేల పైన నాలుగంగుళాలు కనపడాలి, కింద అడుగు లోతు దిగాలి. పైముఖం చదునుగా వద్దు, నడుమ నుంచి నలుపక్కలా వాలు పెట్టు.

మేస్త్రి: వాలు ఎంత?

వడ్రంగి: పావంగుళం చాలు.

మేస్త్రి: పావంగుళం వాలుకు రాయిని చేత్తోనే చెక్కాలి, మిషను మీద రాదు. పన్నెండు దిమ్మెలకు కూలి వేరే అయిద్ది. అది కూడా ఆ పుస్తకంలోనే రాయించు.